లిఫ్టు కాకాకు ఆరుగురు పిల్లలు

మా చర్చి సంఘంలో కంప్యూటరు నేర్చుకుంటున్న ఒకమ్మాయి మొన్న అడిగింది: "ఆంటీ, టైపు మిషన్ మీద తప్పు పడితే ఎట్ల తీసేసేవాళ్లు?" తీసేసేవాళ్లం కాదమ్మా అన్నాను. తప్పు పడితే పడినట్టే. కింద పెట్టిన రెండు కార్బన్ కాపీల్లోనూ పడేది. అక్షరం తప్పయితే రబ్బరుతో రుద్ది, ఊది, సరిచేసేవాళ్లం. నేను ఒకసారి చేసింది రబ్బరుతో పోయే తప్పు కాదు. ఒక పెళ్లికాని మనిషికి ఆరుగురు పిల్లల్ని టైపు చేశాను. ఆ సంగతి వినమని ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను, కానీ ఆమెకు క్లాసు టైమయింది. అందుకని మీకు రాస్తున్నాను.

తొంభైల మధ్యలో మాట. అబిడ్స్‌లో ఒక ఐదంతస్తుల పాత బిల్డింగు, అందులో మూడో అంతస్తులో జాబ్ టైపింగు షాపు. షాపు ఒక అక్కది. సుల్తాన్ బజార్‌లో తాతల నాటి నుంచి ఉంటున్న కుటుంబం వాళ్లది. తండ్రి పెట్టిన షాపును ఆయన తర్వాత ఆమే నడిపేది. పొద్దున్నే మిషన్లకు కుంకుమబొట్టు పెట్టి, అగరుబత్తి వెలిగించి, నా మిషన్ దగ్గరికి వచ్చేసరికి ఆగి, "నీ మిషన్‌కు నువ్వే ఏదన్న చేస్కో" అనేది. నేను కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థించేదాన్ని. మా ఇద్దరి మధ్య మతచర్చ అంతకుమించి ఎప్పుడూ పోలేదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాను. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి మంచం పట్టాను. నాన్న నాంపల్లి స్టేషనులో చిన్న ఉద్యోగి. డ్యూటీ దిగి వచ్చి నాకు చదువు చెప్పేవాడు. ఇంట్లో ఉన్న పుస్తకాలు రెండే: చర్చిలో వాడే ప్రార్థనల పుస్తకం, రైళ్ల టైంటేబులు. నా ఇంగ్లీషులో సగం దేవుణ్ణి వేడుకునే భాష, సగం రైళ్ల రాకపోకల భాష. టైపు కూడా స్టేషనులో పాతబడిందని పారేసిన మిషన్ మీదే ఇంట్లో నేర్చుకున్నాను. సర్టిఫికెట్ అనే కాగితం లేని నన్ను ఏమీ అడగకుండా కూర్చోబెట్టుకున్న అక్కకు నేను ఇప్పటికీ ప్రతి ఉదయం కృతజ్ఞత చెప్పుకుంటాను, ఆమెకు తెలియకుండా.

ఈ అరకొర ఇంగ్లీషే నాకు పేరు తెచ్చిపెట్టింది. నాంపల్లి కోర్టుల దగ్గరి గుమాస్తాలు, ఉద్యోగాలు పోయినవాళ్లు, బదిలీ ఆపమని కోరేవాళ్లు, అందరూ నన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. "కన్నీళ్ల అర్జీ కావాలంటే మూడో అంతస్తుల కుంటి మేడం దగ్గరికి పో" అనేవారట. కుంటి అన్నందుకు బాధపడలేదు. మేడం అన్నారు కదా.

అర్జీకి మాకు ఒక నమూనాల ఫైలు ఉండేది. అక్క వాళ్ల నాన్న కాలం నుంచి వస్తున్నది. క్షమాపణ అర్జీ నమూనా ఇలా ఉండేది: నేను పేదవాడిని, ఆరుగురు పిల్లల తండ్రిని, వయసు మళ్లిన తల్లి నా మీదే ఆధారపడి ఉంది, కావున దయచూపమని కన్నీళ్లతో వేడుకుంటున్నాను, ఈ మేలుకు మీ ఆయురారోగ్యాల కొరకు జీవితాంతం ప్రార్థిస్తాను. ఎవరి పిల్లలు ఎంతమందో అడిగి ఆ అంకె మార్చుకోవాలి. అంతే పని. నాకది కంఠతా వచ్చు. అంతగా రావడమే ముప్పు.

ఇక కాకా సంగతి. మా బిల్డింగు లిఫ్టు ఆయనది. అంటే నడిపేది ఆయన. ఇనుప జాలీ తలుపుల పాత లిఫ్టు, ఎక్కితే మూలుగుతూ పోయేది. బిల్డింగు అంతా ఆయన్ను కాకా అనే పిలిచేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు. టెర్రస్ మీద లిఫ్టు మోటారు గది పక్కనే చిన్న గదిలో ఉండేవాడు. ఆయనకు ఒక పట్టుదల ఉంది. రోజూ మధ్యాహ్నం ఇరవై నిమిషాలు లిఫ్టు బందు పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "మనం బువ్వ తింటలేమా? గదానికి జర దమ్ తీసుకునే టైం ఇయ్యొద్దా?" అనేవాడు.

ఒకరోజు లోపల ఎవరున్నారో చూడకుండా బందు పెట్టాడు. లోపల ఉన్నది బిల్డింగు సేట్ గారి మేనత్త. అంతస్తుల మధ్య ఇరవై నిమిషాలు ఆ పెద్దావిడ ఇరుక్కుని ఉంటే, కాకా టెర్రస్ మీద టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, తీరిగ్గా వచ్చి స్విచ్చి వేశాడు. సేట్ అదే రోజు ఆయన్ను తీసేశాడు. గది శనివారంలోగా ఖాళీ చేయమన్నాడు. మోటారు గది తాళంచెవి లాక్కుని, సేట్ సంతకం చేసిన కాగితం లేకుండా ఈ మనిషిని మిషన్ దగ్గరికి రానివ్వకూడదని రాసి గోడకు అంటించారు. కొత్తగా ఒక ఏజెన్సీ ఆయన్ను పెట్టారు. యూనిఫారం ఉంది, టోపీ ఉంది, లిఫ్టులో మాత్రం నిలబడడు. కింద కుర్చీలో కూర్చుంటాడు. ఎక్కేవాళ్లు బటన్ వాళ్లే నొక్కుకోవాలి.

కాకా నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, సేట్‌కు ఒక అర్జీ కొట్టు. తప్పు నాదే. గని నేను యాడికి పోవాలె?"

అదే సమయంలో నా మిషన్‌లో ఇంకొకరి పని నడుస్తోంది. ఆయన ఒక రిటైరైన మాస్టారు. కోస్తా వైపు క్రైస్తవ మిషనరీల ఊరి నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన మనిషి. పాస్టర్ల సభలో చదవడానికి ఒక పెద్ద వ్యాసం టైపు చేయిస్తున్నారు. ప్రాచీన గ్రీకులు, రోమీయులు దయను దేవతగా ఎలా కొలిచారు, మన విశ్వాసంలో దానికి పోలికలు ఏమిటి, ఇదీ విషయం. పక్కన కూర్చుని చెప్పేవారు, నేను కొట్టేదాన్ని. చెప్తూ చెప్తూ నన్ను మరిచిపోయి సభలోకి వెళ్లిపోయేవారు.

"చూడమ్మా, ఏథెన్సు బజారు నడిమధ్యలో దయకు ఒక బలిపీఠం. దానిమీద బొమ్మ లేదు. నెత్తురు పోయకూడదు. ధూపం అక్కర్లేదు. ఏడుపొచ్చినవాడు వచ్చి ఏడవొచ్చు, అదే నైవేద్యం. మరి మన బైబిల్లో దేవుడి ఆజ్ఞల పలకలు దాచిన పెట్టె, ఆ మందసం మీద మూతే కదా కరుణాపీఠం? రెండు పక్కలా రెక్కలున్న దేవదూతలు, కెరూబులు, మధ్యలో ఏముంది?"

"ఏమీ లేదండి."

"అదీ! రెండుచోట్లా ఖాళీయే!"

అటు మూల నుంచి అక్క అనేది, "మాస్టారూ, మా అమ్మవారు ఎదురుంగ నిలబడి చూస్తది. ఖాళీ జాగకు మొక్కితే ఎవలు వింటరు?"

"వినేవాళ్లు కనబడాలా అమ్మా?"

"కనబడితే జర ధైర్యం ఉంటది."

నేను టైపు ఆపి ఇద్దరినీ చూసేదాన్ని. ఇంట్లో చదువుకున్నదానికి ఇంతకంటే పెద్ద కాలేజీ ఏముంటుంది?

కాకా అర్జీ అడిగిన రోజు మాస్టారు ఏథెన్సు కోర్టుల దగ్గర ఉన్నారు. అక్కడ నిందితులు జడ్జీల మనసు కరగడానికి తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, వరసగా నిలబెట్టి ఏడిపించేవారట. మాస్టారు ఆ పిల్లలు ఎలా ఏడ్చేవారో చేసి చూపించారు. గుమాస్తాలు ఇద్దరు తలుపు దగ్గర ఆగి చూశారు. ఆయన టీకి వెళ్లిన పది నిమిషాల్లో నేను కాకా అర్జీ కొట్టేశాను. చేతులు కాకా అర్జీ కొడుతున్నాయి, తల ఏథెన్సులో ఉంది. కాకాకు ఇంగ్లీషు రాదు. కాగితం కళ్లకు అద్దుకుని సంతకం పెట్టి, నేరుగా ఐదో అంతస్తుకు పోయి సేట్‌కు ఇచ్చాడు.

మర్నాడు కాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"బిడ్డా, నాకు ఆరుగురు పిల్లలు ఎప్పుడు పుట్టిన్రు?"

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్జీ కార్బన్ కాపీ వెతికి తీశాను.

"సేట్ చదివి నన్ను గల్లీ దాకా వినపడేటట్టు తిట్టిండు. ముసలోడివి, అబద్ధాలు చెప్తవా, ఆరుగురిని తీసుకురా చూస్త అన్నడు. దొంగ అర్జీ అని నాంపల్లి కోర్టుకు గుంజుతడంట. అమ్మ సచ్చిపోయి ముప్పై ఏండ్లయింది బిడ్డా, ఆమెను గూడ మళ్ల లేపినవు."

నేను ఏడ్చేశాను. అక్క లేచి వచ్చి కాగితం చదివి, ముందు నవ్వింది, నా మొహం చూసి ఆపుకుంది. "ఏం పిల్లవు నువ్వు! పెండ్లి కానోనికి సంసారం అంటగడితివి!"

కాకా నన్ను తిట్టలేదు. "పోనీ తియ్యి బిడ్డా. ఎవలకైనా ఒక మాట అటిటు అయితది," అని వెళ్లి ఎదురుగా రోడ్డు అవతలి చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. తీసేసిన రోజు నుంచి ఆయన పగలంతా అక్కడే. అక్కడి నుంచి లిఫ్టు జాలీ కనిపిస్తుంది. అది పైకి పోతుంటే పైకి, కిందికి వస్తుంటే కిందికి ఆయన తల కదిలేది.

శుక్రవారం వచ్చింది. మర్నాటికి గది ఖాళీ చేయాలి. తప్పు నాదని సేట్‌కు చెప్పడం తప్ప దారి లేదని ఆ ఉదయం మోకాళ్ల మీద తేల్చుకున్నాను. తేల్చుకోవడం మోకాళ్ల మీద సులువు, లేచి నిలబడ్డాక కష్టం. మాస్టారు తానూ వస్తానన్నారు. "నా ఏథెన్సు పిల్లలే కదమ్మా కొంప ముంచింది. పద, నేను మాట్లాడతాను." అది విని నాకు భయం రెట్టింపయింది.

మూడో అంతస్తులో బటన్ నొక్కాం. లిఫ్టు కింది నుంచి వచ్చి ఆగింది. లోపల సేట్ ఒక్కడే. వెనక్కి తగ్గుదామనుకున్నాను. మాస్టారు నమస్కారం పెట్టి ఎక్కేశారు, నేనూ ఎక్కాను. జాలీ మూసుకుంది. లిఫ్టు నాలుగడుగులు పైకి పోయి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, ఆగిపోయింది. లైటు ఆరింది. కాకా పోయినప్పటి నుంచి దానికి మధ్యాహ్నం దమ్ ఇచ్చినవాళ్లు లేరు.

సేట్ బటన్లన్నీ నొక్కాడు. తర్వాత గంట నొక్కాడు. తర్వాత మమ్మల్ని చూశాడు.

"సేట్ గారూ," అన్నాను. "ఆ ఆరుగురు పిల్లలు నావండి."

"ఏ ఆరుగురు? నీకు ఆరుగురా?"

"కాదండి, నాకు పెళ్లి కాలేదు. కాకాకు నేను పెట్టిన పిల్లలు..."

"ఏం మాట్లాడుతున్నవమ్మా!"

మాస్టారు అందుకున్నారు. నన్ను కాపాడదామనే. కానీ ఆయనకు పారిపోలేని శ్రోత దొరకడం అదే మొదటిసారి. "అయ్యా, రోములో దయకు గుడి కట్టాలనుకున్నారు. ఆ ఊరిని ఏలిన పెద్దమనిషి శత్రువుల్ని క్షమించాడని, ఆయనా దయాదేవీ చేతులు కలిపినట్టు విగ్రహం కూడా పెట్టాలని తీర్మానించారు. తర్వాత వచ్చిన చక్రవర్తులైతే దయ తమ సొంత గుణమని నాణేల మీద వేయించుకున్నారు."

సేట్ కొంచెం మెత్తబడ్డాడు. ప్రతి ఎండాకాలం బిల్డింగు ముందు ఆయన చలివేంద్రం పెట్టించేవాడు. కుండల కంటే ఆయన ఫొటో పెద్దగా ఉండేది. "మంచిదే గద. ఆ పెద్దమనిషి తర్వాత ఏమైండు?"

"ఆయన క్షమించినవాళ్లే కొందరు కలిసి ఆయన్ను పొడిచి చంపారు."

"అగో! అందుకే నేను మాఫీ చెయ్య!"

నేను మాస్టారి చొక్కా లాగాను. ఆయన ఏథెన్సుకు పరిగెత్తారు. "అది రోము అండి, రోము! అది పైవాడు కిందవాడికి పడేసే దయ. ఏథెన్సు వేరు. అక్కడ బలిపీఠం బజారులో, మన అబిడ్స్ చౌరస్తాలో ఉన్నట్టు. తలుపు లేదు, కాపలా లేదు, ఎవరైనా ఎప్పుడైనా..."

"తలుపు సంగతి తర్వాత, ముందు ఈ తలుపు తెరిపించు మాస్టరూ! ఊపిరాడుతలేదు!"

ఇంతలో బయట అక్క గొంతు వినిపించింది. మేము సగం పైకి పోయి ఆగాం కాబట్టి మూడో అంతస్తులో నిలబడినవాళ్లకు మా మోకాళ్ల దాకానే కనిపిస్తాం. "కుంటి మేడం చెప్పులు, మాస్టారి బూట్లు... ఇంకో మెరిసే బూట్లు ఎవలవి?"

"నావి!" అని అరిచాడు సేట్.

అక్క తర్వాత మెట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చిన అడుగులు ఎవరివో చూడకుండానే తెలిసింది. చాయ్ బండి దగ్గరి నుంచి లిఫ్టు ఆగిన చోటు చూసి వచ్చేశాడు.

"లోపల ఆడోళ్లు ఉన్నరా? ఫికర్ చెయ్యకున్రి. మీద మోటరు వేడైంది. చక్రం చేత్తో తిప్పి దించుత. రెండు నిమిషాలు." ముందు ఒక నీళ్ల సీసా జాలీ సందులోంచి లోపలికి తోశాడు. ముందుగా తాగింది సేటే.

కాకా పైకి పోబోతే ఏజెన్సీ ఆయన అడ్డం పడ్డాడు. తాళంచెవుల గుత్తి ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. "సేట్ సంతకం కాగితం లేకుంట నీకు చెవి ఇయ్యొద్దని ఆర్డరు. గోడకు రాసి ఉన్నది."

"ఆ ఆర్డరు నాదే! నేనే చెప్తున్న, ఇయ్యి!" అన్నాడు సేట్.

"మీరు కనబడుతలేరు సార్. బూట్లే కనబడుతున్నయి. రేపు నా నౌకరీ పోతే?"

అక్క మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. సేట్ నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు టైపు మేడంవు గద? కాగితం ఉందా? రాయి, జల్ది!"

నా సంచీలో ప్యాడు, పెన్ను ఎప్పుడూ ఉండేవి. అలవాటు కొద్దీ కార్బన్ కూడా పెట్టాను. చీకటిగా ఉంది, వేడిగా ఉంది, పక్కన మాస్టారు కరుణాపీఠం దాకా వచ్చేశారు. గబగబా ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. సేట్ చూడకుండా సంతకం గీకాడు. కాగితాన్ని జాలీ కింది నుంచి తోశాం.

ఏజెన్సీ ఆయనకు ఇంగ్లీషు రాదు. "చదివి చెప్పున్రి మేడం," అని అక్కకిచ్చాడు. అక్క గొంతు సవరించుకుని, బిల్డింగు అంతటికీ వినపడేలా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. మెట్ల మీద అప్పటికే పాతికమంది ఉన్నారు.

"గౌరవనీయులైన అయ్యా. నేను పేదవాడిని. ఆరుగురు పిల్లల తండ్రిని. వయసు మళ్లిన తల్లి నా మీదే ఆధారపడి ఉంది. కావున మోటారు గది తాళంచెవి ఈయనకు ఇప్పించమని కన్నీళ్లతో వేడుకుంటున్నాను. ఈ మేలుకు మీ ఆయురారోగ్యాల కొరకు జీవితాంతం ప్రార్థిస్తాను. ఇట్లు, తమ విధేయుడు. కింద సేట్ సంతకం ఉన్నది, నేను గుర్తుపడ్త."

 బయట అందరూ ఒకేసారి నవ్వారు. లిఫ్టు మూలకు ఒదిగి నేను మెల్లగా, ప్రభువా కనికరించు, అని మాత్రం అనగలిగాను. ఆ మాట మనం పాతకాలపు ఆరాధనలో గ్రీకులో కూడా పాడతామనీ, ఏథెన్సు దయా బలిపీఠం పేరూ ఆ మాటా ఒకే వేరు నుంచి వచ్చాయనీ మాస్టారు సరిగ్గా అప్పుడే నాకు చెప్పారు.

కాకా మాత్రం నవ్వలేదు. చెవి తీసుకుని పైకి పోయాడు. కాసేపటికి లిఫ్టు జానెడు జానెడు కిందికి దిగింది. జాలీ తెరుచుకుంది.

సేట్ ముందుగా అక్క చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. ఒకసారి చదివాడు. జేబులోంచి కాకా అర్జీ తీసి పక్కన పెట్టి మళ్లీ చదివాడు. కోర్టుకు ఇద్దామని జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు పాపం.

"నాకు నలుగురే," అన్నాడు చివరకు. "నువ్వు అందరికీ గిదే రాస్తవా?"

"అవునండి. చేతులు వాటంతటవే రాసేస్తాయి. కాకా అర్జీలోనూ ఇంతే జరిగింది. అబద్ధం ఆయనది కాదండి. నన్ను కోర్టుకు లాగండి."

మెట్ల మీదినుంచి కాకా దిగి వచ్చాడు, చేతులు గ్రీజుతో నల్లగా. సేట్ ఆయన్ను చూశాడు, తన సంతకాన్ని చూశాడు. రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని, "మా మేనత్త దగ్గరికి పో. కష్టం పడ్డది ఆమె. ఆమె మాఫీ చేస్తే ఉండు. నా దగ్గరికి కాగితాలు తేవద్దు," అన్నాడు.

ఆ సాయంత్రమే నేను జాగ్రత్తగా, పిల్లలు లేకుండా, తల్లి లేకుండా, ఒక కొత్త అర్జీ కొట్టి కాకాకు ఇచ్చాను. మూడుసార్లు చదివి చూసుకున్నాను. శనివారం పొద్దున్న ఆయన మేనత్త ఇంటికి వెళ్లాడు. నేను ఆ పూట కొట్టిన పేజీలన్నీ మళ్లీ కొట్టవలసి వచ్చింది. మధ్యాహ్నానికి లిఫ్టు కదిలే చప్పుడు వినిపించింది. జాలీ దగ్గర కాకా నిలబడి ఉన్నాడు, స్టూలు వేసుకుని.

"ఏమన్నది?" అని అక్క ఉరికింది.

"నేనేం చెప్పలే. బిడ్డ రాసిన కాగితం గదిలనే మర్శిపోయిన. తలకాయ దించుకుని నిలబడ్డ, అంతే. ఆమె నవ్వి ఏమన్నదో ఎరికేనా? ఇంట్ల పొద్దుందాక అందరు నన్ను పిలుస్తనే ఉంటరు, ఆ ఇరవై నిమిషాలు ఎవ్వరు పిలవలే, మాల తిప్పుకున్న, జర కునుకు గూడ పట్టింది అన్నది. సేట్‌కు ఆమె ఫిర్యాదు చెయ్యనే లేదంట. ఆయనే కోపం చేసిండు."

మాస్టారు ఆ మాట విని తన వ్యాసంలో ఆఖరి పేజీ తీసేయమన్నారు. కొత్త పేజీ ఏం రాయాలో మాత్రం ఆయనకు తోచలేదు. అది రాయకుండానే సభలో చదివారు. బాగుందన్నారట.

కాకా తర్వాత ఆ లిఫ్టుకు ఆఖరి రోజు వచ్చేదాకా పనిచేశాడు. మధ్యాహ్నం దమ్ మానలేదు. కాకపోతే స్విచ్చి ఆపేముందు జాలీకి చెవి ఆనించి, "లోపల ఎవలన్న ఉన్నరా?" అని మూడుసార్లు కేకేసేవాడు. అప్పుడప్పుడు మేనత్త గారు లోపలి నుంచి, "ఔ, నేనున్న. నువ్వు తినిరా, తొందర లేదు," అనేది.

సేట్ సంతకం చేసిన అర్జీ కార్బన్ కాపీ నా ప్రార్థనల పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లోనే ఒక సంగతి గమనించాను. ఉదయం మోకాళ్లూనినప్పుడు నేను దేవుడికి చెప్పుకునేదంతా కూడా ఆ ఫైల్లోదే, అంకెలు మాత్రం మార్చి. నేను పేదదాన్ని, ఇంతమంది నా మీద ఆధారపడి ఉన్నారు, కావున. అప్పటినుంచి కొన్ని రోజులు ఏమీ చెప్పకుండా, కాగితం గదిలో మరిచిపోయిన మనిషిలా, ఊరికే ఉంటాను. వినేవాళ్లు కనబడరు. అక్క అన్నట్టు కనబడితే జర ధైర్యం ఉంటుంది, నిజమే. కానీ ఆరుగురు పిల్లల్ని అప్పు తెచ్చుకునే అవసరం ఇంతవరకు పడలేదు.